చేతిరాత పత్రిక, రోజు పుస్తకం: పర్లాకిమిడి పరిసరాల పిల్లలు, పెద్దలు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని గజపతి జిల్లాలో పర్లాకిమిడి చుట్టుపక్కల తెలుగు ఇళ్ల పిల్లలతో కొందరు ఉపాధ్యాయులం, కొందరు తల్లిదండ్రులం కలిసి ఒక చేతిరాత పత్రిక నడుపుతున్నాం. దానితోపాటు ప్రతి పిల్లా పిల్లవాడూ తనదంటూ ఒక డైరీ పెట్టుకుంటారు, దాన్ని రోజు పుస్తకం అంటాం. కొత్తగా చేరే పిల్లల ఇళ్ల నుంచి ఏటా దాదాపు అవే ప్రశ్నలు వస్తుంటాయి. నోటితో చెప్పిన జవాబు ఒక్కొక్కరికీ ఒక్కో రకంగా చేరుతోంది కనుక ఇక్కడ రాసి పెడుతున్నాను. జవాబులు నావి. మాలో అందరూ ప్రతి మాటకూ ఒప్పుకోరు, ముఖ్యంగా తప్పులు దిద్దే విషయంలో.

చేతిరాత పత్రిక అంటే ఏమిటి?

పిల్లలు తమ చేత్తో రాసి, బొమ్మలు వేసి, తామే కుట్టుకునే పత్రిక. రెండు నెలలకు ఒక సంచిక వస్తుంది. పెద్ద డ్రాయింగ్ షీటును సగానికి మడిచి, గీతలు కొట్టి, ఒక్కొక్కరికి ఒక్కో పుట ఇస్తాం. పుటలన్నీ ముందుగా వారం రోజులు వరండా గోడకు వేలాడుతాయి. వచ్చేవాళ్లు, పోయేవాళ్లు నిలబడి చదువుతారు. ఆ తరువాత వాటిని దారంతో కుట్టి అట్ట వేస్తాం. ఉన్నది ఒక్కటే ప్రతి. అచ్చు వేయించమని కొందరు డబ్బు కూడా ఇవ్వబోయారు, వద్దన్నాం. తన అక్షరం వంకరగా ఉన్నా అది తనదేనని పిల్లవాడు వేలు పెట్టి చూపించే ముచ్చట అచ్చులో పోతుంది.

మా అమ్మాయి ఒడియా మాధ్యమంలో చదువుతోంది. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది కానీ రాయలేదు. తనను చేర్చుకుంటారా?

మా దగ్గరకు వచ్చే పిల్లల్లో ఎక్కువమంది ఇలాంటివాళ్లే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మన ఊరు ఇటు వచ్చింది, పాతపట్నం అటు, ఇప్పటి ఆంధ్రప్రదేశ్ వైపు ఉండిపోయింది. ఇంటి భాష ఒకటి, బడి భాష ఒకటి కావడం ఇక్కడ మూడు నాలుగు తరాలుగా ఉన్నదే. అందులో మీ అమ్మాయి లోపం ఏమీ లేదు.

మొదటి రెండు నెలలు తను రాయనక్కరలేదు, చెబితే చాలు. తెలుగు రాయగలిగిన పెద్ద పిల్ల పక్కన కూర్చుని, చెప్పింది చెప్పినట్టు రాసిపెడుతుంది. ఆ తరువాత చాలామంది పిల్లలు తమంతట తామే ఇంకో దారి కనిపెడతారు: తెలుగు మాటలను ఒడియా అక్షరాలలో రాస్తారు. మేము ఆపము. మూడో తరగతి పిల్ల ఒకతె వాళ్ల నాయనమ్మ చెప్పిన పొడుపుకథలన్నీ అలా ఒడియా లిపిలో రాసుకుని వచ్చి గడగడా చదివి వినిపించింది. ఆ పుటను అలాగే గోడకు పెట్టాం. కింద అదే పాఠాన్ని తెలుగు అక్షరాలలో మరో పిల్ల రాసింది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూస్తూ చూస్తూ మొదటి పిల్ల తెలుగు అక్షరాలు పట్టుకుంది. రెండు లిపులూ గుండ్రటివే, రెండూ బ్రాహ్మీ నుంచి వచ్చినవే. బెదరవలసిన దూరం కాదు.

రాయడం మొదలుపెట్టాక వచ్చే తప్పులకు కారణం తెలిస్తే మీకు కోపం రాదు. ఒడియాలో ఎ, ఏ అని రెండు లేవు. ఒ, ఓ అని కూడా రెండు లేవు. అందుకని ‘చెరువు’ను ‘చేరువు’ అనీ, ‘కొడుకు’ను ‘కోడుకు’ అనీ రాస్తారు. శ, ష, స మూడూ ఒడియా నోటిలో ఒకేలా పలుకుతాయి. ఒడియా క్రియకు ఆడ, మగ తేడా లేదు కనుక ‘అక్క వచ్చాడు’ అని రాసిన పిల్లవాడిని చూసి నవ్వకండి, వాడు ఒడియా వ్యాకరణాన్ని సరిగ్గానే పాటించాడు. ణ, ళ మాత్రం ఆ భాషలోనూ బలంగా ఉన్నాయి. హైదరాబాదు పిల్లల కన్నా మన పిల్లలు ‘కళ్లు’, ‘వాళ్లు’ ఎంత శుభ్రంగా పలుకుతారో ఒకసారి చెవి పెట్టి వినండి.

తప్పులు దిద్దకపోతే పిల్లలు ఎలా నేర్చుకుంటారు?

అందరికన్నా ఎక్కువగా తండ్రులు అడిగే ప్రశ్న ఇది. దిద్దుతాం, కానీ ఎప్పుడన్నదే మా పట్టింపు. పిల్ల రాస్తున్నంతసేపూ ఎర్ర పెన్ను గదిలో ఉండకూడదు. రాయడం పూర్తయ్యాక తనే పైకి చదువుతుంది, చదువుతూ సగం తప్పులు తనే పట్టుకుంటుంది. మిగిలినవాటిలో రెండో మూడో ఎంచుకుని చెబుతాం. అన్నీ ఒకేసారి చెప్పము. మాటతీరును అసలు ముట్టుకోము. ‘మా చిన్నాన్న సంతకు పోయి మేకను తోలుకొచ్చాడు’ అని రాస్తే, దాన్ని ‘మా పినతండ్రిగారు విపణికి వెళ్లి అజమును తీసుకొనివచ్చిరి’ అని మార్చే అధికారం ఎవరికీ లేదు.

ఈ మాట చెప్పడానికి పర్లాకిమిడి కన్నా తగిన ఊరు లేదు. 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తి 1880లో ఈ ఊళ్లోనే రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. జనం నోట ఉన్న భాషలోనే పుస్తకాలు, పాఠాలు ఉండాలని జీవితమంతా వాదించారు. ఆయన పుట్టినరోజును మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజున పిల్లలచేత ఆయనపై వ్యాసం రాయించి, అందులో వాడుక మాట కనిపిస్తే కొట్టివేసిన కాగితం నా కళ్లతో చూశాను. ఆ కాగితం తెచ్చిన అబ్బాయి అడిగాడు: ‘ఆయన ఒప్పుకున్న మాటే కదా, నాకెందుకు తప్పు పెట్టారు?’ వాడికి నా దగ్గర జవాబు లేదు. మా పత్రికలో ఈ నియమం పెట్టింది ఆ వారమే.

ఏమి రాయాలో తెలియడం లేదంటాడు. మేము ఇంట్లో చెప్పి రాయించవచ్చా?

చెప్పి రాయించకండి. అడగండి. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

ఒక అబ్బాయి మొదటిసారి ‘ఆవు సాధు జంతువు. దానికి నాలుగు కాళ్లు ఉండును’ అని రాసి తెచ్చాడు. ‘మీ ఇంట్లో ఆవు ఉందా?’ అని అడిగాను. ఉందన్నాడు. ‘అది సాధువేనా?’ అన్నాను. వాడి ముఖం మారిపోయింది. తిత్లీ తుపాను రాత్రి అది తాడు తెంపుకుని పోయిందనీ, నాలుగో రోజున బురద కొట్టుకుని తిరిగి వచ్చిందనీ, అప్పటి నుంచి గాలి వీస్తే చాలు తాడు తెంపుకోబోతుందనీ, దగ్గరకు వెళితే పొడుస్తుందనీ చెప్పుకుంటూ పోయాడు. ‘ఇప్పుడు చెప్పిందే రాయి’ అన్నాను. రెండు పుటలు నిండాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మన జిల్లాలో వానలు, వరదలు ఎంత పని చేశాయో పెద్దలకు తెలుసు. పిల్లలకు తెలిసింది వేరు. తడిసిన పాఠ్యపుస్తకాలను తాడు మీద ఆరవేస్తే పుటల మధ్య నుంచి ఇసుక రాలిన సంగతి ఏ వార్తాపత్రికలోనూ రాలేదు, మా సంచికలో వచ్చింది.

అడగడానికి ఇంకా ఎన్నో ఉన్నాయి. ఇంట్లో తాతగారు ఉంటే చిన్న రైలు గురించి అడిగించండి. నౌపడా నుంచి మన ఊరికి 1900లో రైలు వచ్చింది, 1931లో గుణుపురం దాకా సాగింది. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. పెద్ద పట్టాలు వేయడానికి 2004లో దాన్ని ఆపారు, 2011 నాటికి గుణుపురం దాకా కొత్త రైలు నడిచింది. ఈ సంవత్సరాలు పెద్దవాళ్లు ఎవరైనా చెప్పగలరు. ఆ రైలు కిటికీ దగ్గర చోటు కోసం అన్నదమ్ములు ఎలా కొట్టుకున్నారో మీ తాతగారే చెప్పాలి. అలా ఒక ఏడాది ఏడుగురు పిల్లలు ఏడుగురు తాతల దగ్గరకు వెళ్లారు. ఏడు కథలలోనూ రైలు వేగం వేరు వేరుగా ఉంది! ఎవరిది నిజమని పిల్లలు పెద్ద తగవు పెట్టుకున్నారు. ఆ తగవును కూడా రాయించాం.

కొమ్ము బొమ్మలు చేసే వృత్తిదారుల దగ్గరకు వెళ్లి చూడటం ఇంకో మంచి పని. పశువుల కొమ్మును వేడి చేసి, మెత్తబడ్డాక వంచి, చెక్కి, నునుపు చేసి కొంగలు, చేపలు, రొయ్యలు చేస్తారు. ఈ పనికి పర్లాకిమిడి పేరు ఎన్నో ఏళ్లుగా ఉంది. వేడి కొమ్ము వాసన ఎలా ఉంటుందో ఒక్కో పిల్ల ఒక్కోలా రాసింది. బడివాళ్లు సెలవు ఇవ్వరని భయపడకండి. 6 నుంచి 8 తరగతుల మధ్య పిల్లలు 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగులు, కుమ్మరులు, కళాకారుల వంటి స్థానిక వృత్తిదారుల దగ్గర గడపాలని 2020 జాతీయ విద్యా విధానమే చెబుతోంది. ఆ మాట గుర్తు చేస్తే ప్రధానోపాధ్యాయులు సాధారణంగా కాదనరు.

నేను రాసింది గోడ మీద పెడితే మా తరగతివాళ్లు నవ్వుతారేమో?

ఈ ప్రశ్న ఐదో తరగతి అమ్మాయి చీటీ మీద రాసి ఇచ్చింది. ఆమెకు ఇచ్చిన జవాబే నీకూ.

నవ్వవచ్చు. మొదటి రోజు కొంచెం నవ్వుతారు. అందుకే నీకు మూడు వీలులు ఉన్నాయి. పేరు లేకుండా పెట్టవచ్చు, పేరు బదులు ఒక చిన్న గుర్తు వేయవచ్చు, లేదా ఈ సంచికకు వద్దని నీ దగ్గరే దాచుకోవచ్చు. ఎందుకని మేము అడగము. ఇంకో నియమం కూడా ఉంది: గోడ దగ్గర నవ్విన పిల్లలు తరువాతి సంచికలో తప్పకుండా రాయాలి. ఆ నియమం వచ్చాక నవ్వేవాళ్లు తగ్గారు, రాసేవాళ్లు పెరిగారు.

రోజు పుస్తకంలో పిల్లలు రాసుకున్నది మీరు చదువుతారా? మేము చదవవచ్చా?

పిల్ల ఇస్తేనే. పుట మడిచి ఉంటే, ఇచ్చినా ఆ పుట విప్పము. మీరూ విప్పవద్దు.

ఈ నియమం నా తప్పు వల్ల వచ్చింది. చాలా ఏళ్ల కిందట ఒక అమ్మాయి తన పుస్తకం నా చేతికి ఇచ్చింది. కూలి పనికి దూరదేశం వెళ్లిన నాన్న సంక్రాంతికి వస్తానని రాలేదని, ఆయన కోసం దాచిన అరిసెలను చివరికి తనే తినేశానని, తిన్నందుకు ఏడుపు వచ్చిందని రాసింది. అంత చక్కగా రాసిన పుట అంతకుముందు నేను చదవలేదు. ఆ సంతోషంలో మరునాడు ప్రార్థన సమయంలో అందరి ముందూ చదివి వినిపించాను, పేరు చెప్పి మెచ్చుకున్నాను. ఆ పిల్ల తల వంచుకుని నిలబడింది. ఆ తరువాత ఏడాది పాటు పుస్తకంలో ‘ఈ రోజు బాగా గడిచింది’ అన్న ఒక్క వాక్యమే రాసింది, ప్రతి రోజూ. నా మెప్పు ఆమెకు దెబ్బ అయింది. క్షమించమని అడిగాను, సరేనంది. కానీ రాయలేదు.

అప్పటి నుంచి పిల్లలకు ముందే చెబుతాం: ఇచ్చిన పుట కూడా నీ మాట లేకుండా ఇంకొకరికి చేరదు. ఒక్క సందర్భంలో మాత్రం ఊరుకోము. ఎవరైనా కొడుతున్నారనో, ఒంటి మీద చేయి వేస్తున్నారనో, పెళ్లి చేసేస్తున్నారనో పిల్ల రాస్తే, అది సాయం కోసం చేసిన కేక అని తీసుకుంటాం. ముందు ఆ పిల్లతోనే మాట్లాడి, ఏమి చేయబోతున్నామో చెప్పి, అవసరమైతే 1098కి ఫోను చేస్తాం. అది పిల్లల సహాయం కోసం రాత్రింబవళ్లూ పని చేసే ఉచిత నంబరు. ఈ సంగతి కూడా మొదటి రోజే పిల్లలకు చెబుతాం, తరువాత మోసపోయామని అనుకోకూడదు కదా.

మా వాడు బొమ్మలే వేస్తాడు, ఒక్క ముక్క రాయడు.

వేయనివ్వండి. బొమ్మ కింద ఎప్పుడో ఒక పేరు రాస్తాడు. ఆ పేరు పక్కన ఇంకో మాట చేరుతుంది. చేరకపోయినా నష్టం లేదు.

సవర పిల్లలు కూడా ఉన్నారా? వాళ్ల భాష, బొమ్మలు పత్రికలో పెడతారా?

ఉన్నారు. కొండ ఊళ్ల నుంచి వచ్చి ఇక్కడ వసతి గృహాలలో చదివే పిల్లలు ఇంట్లో సవర, బడిలో ఒడియా, బజారులో తెలుగు మాట్లాడతారు. ఇన్ని భాషలు మోసే ఆ పిల్లలను మొద్దులని అనడం నేను విన్నాను. నాకు కడుపు మండుతుంది. గిడుగు రామమూర్తి సవర మాట్లాడేవాళ్లను ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు, సొంత ఖర్చుతో వాళ్ల పిల్లలకు బడి పెట్టారు, 1938లో సవర నిఘంటువు వెలువరించారు. సవరలకు తమదైన సోరా సోంపెంగ్ లిపి కూడా ఉంది, దాన్ని 1936లో మంగెయి గొమాంగో రూపొందించారు. ఒక సవర అబ్బాయి ఆ లిపిలో తన పేరు రాసి చూపించిన రోజున మిగతా పిల్లలందరూ తమ పేర్లు కూడా అలా రాసిపెట్టమని వరుస కట్టారు.

ఇడితల్ బొమ్మల విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉంటాం. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే ఆ మనుషులు, ఏనుగులు, చెట్లు చూడటానికి అలంకారంలా ఉంటాయి. కానీ వాళ్ల ఇంటిలో అవి దేవతలకూ, పోయిన పెద్దలకూ వేసే బొమ్మలు. దుకాణంలో సంచుల మీద అచ్చు వేసినంత సులువుగా మన పిల్లలచేత వేయించకూడదని నా అభిప్రాయం. సవర పిల్లలు ఇష్టపడి వేస్తే పెడతాం, దాని అర్థం వాళ్లే చెబుతారు.

మార్కులు ఉంటాయా? బహుమతులు ఇస్తారా?

లేవు. ఇవ్వము.

పదో తరగతిలో ఇదంతా సమయం వృథా కాదా?

పదో తరగతి పిల్లలకు పత్రిక పని తగ్గిస్తాం, కుట్టడం, గీతలు కొట్టడం చిన్నవాళ్లు చూసుకుంటారు. రోజు పుస్తకం మాత్రం మానవద్దని చెబుతాం. రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు చాలు. పరీక్ష భయం గురించి ఎవరికీ చెప్పుకోలేని పిల్లలు ఆ పుస్తకానికి చెప్పుకుంటారు. ‘లెక్కలంటే భయం’ అని మొదలుపెట్టిన అబ్బాయి మూడు వారాలు రాశాక, భయం లెక్కలన్నిటికీ కాదు, త్రికోణమితికి మాత్రమేనని కనుక్కున్నాడు. అంత స్పష్టంగా తెలిశాక మాస్టారిని అడగడం సులువైంది. మార్కులు పెరుగుతాయని నేను మాట ఇవ్వలేను, ఇవ్వను కూడా.

ఫోనులో రాయవచ్చా? కంప్యూటర్ చేత కవిత రాయించి తెస్తే తీసుకుంటారా?

ఫోనులో రాసుకుని, తరువాత చేత్తో ఎక్కించవచ్చు. చూపు సరిగా లేని పిల్లలు, చేయి సహకరించని పిల్లలు ఫోనుకు చెప్పి రాయించుకున్నా అది వాళ్ల రాతే. యంత్రం అల్లిన కవితను తీసుకోము. పోయిన ఏడాది ‘వెన్నెల’ మీద అలాంటిది ఒకటి వచ్చింది. తెచ్చిన అమ్మాయిని మేడ మీదికి తీసుకెళ్లి వెన్నెల చూపించి, ఏమి కనిపిస్తోందో చెప్పమన్నాం. ‘నీళ్ల ట్యాంకు తెల్లగా కనిపిస్తోంది, పిల్లి దాని మీద నల్లగా ఉంది’ అంది. అది వేసుకున్నాం.

బడి వార్షికోత్సవంలో సినిమా పాటలకు బదులు ఏమి చేయించవచ్చు?

సినిమా పాటకు గంతులు వేయడం పిల్లలకు సరదా, దాన్ని పూర్తిగా మాన్పించమని చెప్పను. కానీ ఒక్క అంశమైనా మన నేల మీదది ఉండాలి. గుండెకు డప్పు కట్టుకుని ఆడే తప్పెటగుళ్లు తెలిసిన పెద్దలు శ్రీకాకుళం వైపు పల్లెల్లో ఇంకా ఉన్నారు. జముకు వాయిస్తూ చెప్పే జముకుల కథ ఉంది. ఒడియా స్నేహితుల ఇళ్లలో దండ నాట అనే జానపద నృత్యం ఉంది. పిల్లలే చిన్న నాటకం రాసుకుంటే ఇంకా మంచిది. రైలు పెట్టెలో తెలుగు ముసలమ్మ, ఒడియా టికెట్ కలెక్టరు, సవర పిల్లవాడు ఒకరి మాట ఒకరికి అర్థం కాకుండా చివరి దాకా ప్రయాణం చేసే నాటకం ఒకటి మా పిల్లలు వేశారు. మూడు భాషల్లోనూ చప్పట్లు పడ్డాయి. సంభాషణలు పెద్దవాళ్లు రాసి కంఠతా పట్టించకూడదు. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను.

మేము రాయగడలో ఉంటున్నాం, మా బంధువులు బరంపురంలో ఉన్నారు. మా దగ్గర ఇలాంటిది మొదలుపెట్టాలంటే ఏమి కావాలి?

నలుగురు పిల్లలు, ఒక వరండా, నెలకు ఒక ఆదివారం. డ్రాయింగ్ షీట్లు, స్కేలు, నల్ల పెన్నులు, రంగు పెన్సిళ్లు, దబ్బనం, గట్టి దారం. మైదా జిగురు ఇంట్లోనే కాచుకోవచ్చు. పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం వేస్తారు. అది విషం కనుక కలపడం, పూయడం పెద్దవాళ్లే చేయాలి.

ఏమి రాయాలన్నది మీ ఊరే చెబుతుంది. రాయగడ పిల్లలకు నాగావళి ఉంది, మజ్జిగౌరమ్మ గుడి ఉంది. బరంపురంలో పట్టు నేసే వీధులు ఉన్నాయి, రెండేళ్లకు ఒకసారి వచ్చే బూఢీ ఠాకురాణి అమ్మవారి యాత్ర ఉంది. ఆ ఒక్క యాత్ర మీదే ఒక సంచిక నింపవచ్చు. మహారాష్ట్రలోని సిరోంచ వైపు ఉన్న తెలుగువాళ్లు కూడా అడుగుతుంటారు. అక్కడి పిల్లలు మరాఠీ బడికి వెళతారు. మరాఠీలోనూ ఎ, ఏ తేడా లేదు కనుక ‘చేరువు’ అక్కడా వస్తుంది. ఆ భాషలో క్రియకు ఆడ, మగ తేడా ఉంది కనుక ‘అక్క వచ్చాడు’ అనే పొరపాటు మాత్రం తక్కువ. పిల్లల తప్పులను ఒక చిన్న పుస్తకంలో మీరు రాసి పెట్టుకోండి. బడి భాష నుంచి ఏ తప్పు వస్తోందో ఆరు నెలల్లో మీకే తెలుస్తుంది.

తెలుగు పాఠం చెప్పే బడి మా ఊళ్లో లేదు. అడిగే హక్కు ఉందా?

ఉంది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే సదుపాయం కల్పించడానికి రాష్ట్రాలు ప్రయత్నించాలని రాజ్యాంగం 350ఎ అధికరణ చెబుతోంది. 1956లో చేరిన అధికరణ అది. తల్లిదండ్రులు కలిసి సంతకాలతో అర్జీ పెట్టండి, ఒంటరిగా వెళితే ఎవరూ వినరు. అంతవరకూ పిల్లలను ఆపకండి, వరండా ఉంది కదా.

పాత సంచికలు చూడవచ్చా?

చూడవచ్చు. రేకు పెట్టెలో, ఎండిన వేపాకుల మధ్య ఉన్నాయి. ఆదివారం ఉదయం రండి, చేతులు కడుక్కుని తడి ఆరాక తీయండి. కుట్టు వదులైన చోట లాగకండి. తాము చిన్నప్పుడు రాసిన పుట కనిపిస్తే చించుకుని తీసుకుపోతామని కొందరు అడుగుతారు. పుట ఇవ్వము, అక్కడే కూర్చుని చూసి రాసుకోవడానికి కాగితం, పెన్ను ఇస్తాం.